జిగురు పట్టీ కింది కబురు

ఇలా దగ్గరికి జరుగు. ఇంకొంచెం. గోడవైపు తిరిగి కూర్చుంటే ఎలా? నా నోరు కనబడాలి నీకు. పళ్ళు పోయాక నా మాటల్లో సగం గాలికే పోతున్నాయని మీ నాన్న నవ్వుతాడు. ఆ ఫోన్ బోర్లా పెట్టు. ఇది నేను మొదటినుంచి చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ తాతకు కూడా ముక్కలుగానే తెలుసు, ఆ ముక్కలు అతుక్కోకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

మీ నాన్నకు ఒక మేనత్త ఉండేది. అంటే మీ తాత చెల్లెలు, నాకు ఆడపడుచు. చిన్నప్పుడే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కాలువ గట్టు మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో పొయ్యి, మంచం. బడిపిల్లల చొక్కాలు, గౌన్లు కుట్టేది. ఈ గొడవ నాటికి ఇరవయ్యారేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది. ఉందే గానీ ఆ నేల ఆమెదని చెప్పే కాగితం లేదు. ఆమెకే కాదు, గట్టు మీద రెండు వందల పన్నెండు ఇళ్ళకూ లేదు. ఆ ఇళ్ళు నిలవడమా కూలడమా అన్నది చివరికి ఒక కాగితం దగ్గరికి వచ్చి ఆగింది. ఆ కాగితాన్ని మడిచింది నేను.

అప్పుడు నేను మా ఎమ్మెల్యే ఆఫీసులో పనిచేసేదాన్ని. ఎమ్మెల్యే అంటే నువ్వు టీవీలో చూసేలాంటి మనిషిని ఊహించుకోకు. ఆయన అంతకుముందు బస్సు కండక్టరు. టికెట్టుతో పాటు ఒక వార్త కూడా చింపి చేతిలో పెడతాడని జనం నవ్వుకునేవారు. కంటి డాక్టరు ఏ రోజు వస్తాడు, ఏ బడిలో ఇంకా సీట్లున్నాయి, ఎవరి గొడుగు బస్సులో దొరికింది, ఎవరింట్లో ఎవరు పోయారు, అన్నీ ఆయన నోటినుంచే తెలిసేవి. ఎవరు ఏ స్టాపులో దిగుతారో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటివాడికి ఓటెయ్యక ఎవరికి వేస్తాం? మేమే గెలిపించాం, మోసుకుంటూ తిప్పాం.

గెలిచిన నెలకే ఒక కాగితం మొదలుపెట్టాడు. "నేను అసెంబ్లీకి పోతే మీకు కబుర్లు చెప్పేవాడెవడు? అందుకని ఇది," అన్నాడు. నెలకొక పెద్ద కాగితం, రెండువైపులా అచ్చు. అసెంబ్లీలో ఏం మాట్లాడారు, ఏ చట్టం వచ్చింది, దానివల్ల మనకేమిటి, నీళ్ళు ఏ వేళకు వదులుతారు, పరీక్షల్లో ఎవరు ముందొచ్చారు, ఎవరికి రక్తం కావాలి. జనం దానికి కబురు కాగితం అని పేరు పెట్టారు. నాలుగు వేల ఇళ్ళకు పోస్టులో వెళ్ళేది. మొదట్లో ఆయనే కూర్చుని రాసేవాడు. చదివితే ఆయన పక్కన నిలబడి చెవిలో చెప్పినట్టుండేదట. నాకు చదవడం అంతగా రాదుగా, ఎవరో చదువుతుంటే వినేదాన్ని. మూడో తరగతిలోనే నన్ను మాన్పించారు. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాను. చిన్నవైతే చీమలబారే.

మీ తాత నడుం విరిగి మంచాన పడ్డప్పుడు నేను వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "ఏ పనైనా చేస్తాను," అన్నాను. ఆయన నన్ను పట్టి చూసి, "నువ్వు మార్కెట్టు స్టాపులో దిగే అక్కవు కదూ, కుడి చేత్తో సంచి పట్టుకోవుగా నువ్వు?" అన్నాడు. అంత గుర్తు. ఆ రోజే పనిలో పెట్టాడు. నన్ను అక్కా అనేవాడు. తమ్ముడూ అనడానికి నాకు నోరు రాలేదు, సార్ అంటే ఆయన ఒప్పుకోలేదు, మధ్యేమార్గంగా తమ్ముడుగారూ అనేదాన్ని. ఆఫీసంతా పొట్ట పట్టుకు నవ్వేది.

పని ఏమిటంటే మడతపెట్టడం. ఆఫీసు వెనక గదిలో పొడుగాటి బల్ల, నాతో ఇంకా ముగ్గురు ఆడవాళ్ళు. కాగితాన్ని మూడు మడతలు వెయ్యాలి, వెదురు బద్దతో మడత మీద గీసినట్టు రుద్దాలి. తరవాత లోపలివైపు కింది అంచున రెండు వేళ్ళ వెడల్పున మైదా జిగురు రాసి నొక్కాలి. కవరు ఉండదు. ఆ కాగితమే కవరు. పైన అడ్రసు చీటీ అతికిస్తే అయిపోయింది. ఆ రెండు వేళ్ళ జాగాను మేము జిగురు పట్టీ అనేవాళ్ళం. అక్కడ ఒక్క అక్షరం కూడా ఉండకూడదని ప్రెస్సువాడికి తెలుసు, ఆఫీసుకు తెలుసు, ఎమ్మెల్యేకీ తెలుసు. ఎందుకంటే జనం కాగితాన్ని విప్పరు, వేలు దూర్చి చింపుతారు. జిగురు ఉన్నంత మేరా పొర లేచిపోతుంది. ఎన్నో ఏళ్ళు ఆ పట్టీ తెల్లగానే వచ్చింది.

ఆ ఏడు అసెంబ్లీలో చట్టం వచ్చింది. ఇరవయ్యేళ్ళు దాటి ఒకే చోట ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్ళకు ఆ జాగా వాళ్ళ పేరనే రాసివ్వాలని. మా ఎమ్మెల్యే లేచి నిలబడి దానికోసం మాట్లాడాడు. రేడియోలో ఆయన గొంతు వచ్చింది. "కాలువ గట్టు మీద పుట్టిన బిడ్డకు కాళ్ళ కింద నేల లేదంటే నేను ఒప్పుకోను" అన్నాడు. గట్టు మీదివాళ్ళు వీధిలోకొచ్చి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా అన్నాడనే ఇప్పటికీ అనుకుంటాను. అదే నాకు మింగుడుపడదు.

మర్నాడు ఆడపడుచు మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో ఉండగానే మొదలెట్టింది.

"ఏమ్మా మడతలమ్మా, మమ్మల్ని మర్చిపోయావా?"

"మర్చిపోవడానికి నువ్వు వదులుతావా? వారానికోసారి వచ్చి మా అన్నని సరిగ్గా చూస్తున్నావా అని లెక్క అడుగుతావుగా."

"చూడకపోతే నీ జుట్టు పట్టుకోవడానికి నేనున్నాను. సరే గానీ వదినా, దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, ఎప్పటిలోగా పెట్టాలి? పక్కింటి ఇస్త్రీ తమ్ముడు రోజూ అడుగుతున్నాడు."

"కబురు కాగితంలో వస్తుందిలే. నా చేతి మీదుగా పోకుండా ఏ కబురూ పోదు."

"చూశావా నీ గొప్ప! సరే, అదే చెప్తాను అందరికీ. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, కాగితం వస్తుందని."

చెప్పింది. గట్టంతా చెప్పింది. కబురు కాగితం ఎప్పుడూ తప్పు చెప్పలేదు కాబట్టి అందరూ నమ్మారు. ఒక్కరు కూడా ఆఫీసుకు వెళ్ళి అడగలేదు. గట్టువాళ్ళు చేసిన తప్పంటూ ఉంటే అదే. కాదు, దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్ళూ ఇంటికి వచ్చిన కబురు ఈసారి మాత్రం రాదని ఎవరనుకుంటారు?

ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా కాగితం, తెచ్చే పని కూడా నాదే. ఆ నెల ప్రెస్సుకు వెళితే అక్షరాలు కూర్చే ముసలాయన నా చేతికి కాగితం ఇస్తూ నడిమధ్యన వేలు పెట్టి చూపించాడు. దళసరి నల్ల గీతలతో గడి కట్టి ఉంది. "మీ గట్టువాళ్ళకు కావాల్సింది ఇదమ్మా. ఎక్కడికెళ్ళాలి, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి, ఏ తేదీలోగా, అంతా ఇందులో ఉంది," అన్నాడు. ఆ గడి నా కళ్ళల్లో అచ్చుపడిపోయింది. తేదీ ఎంత అని అడగలేదు. నాలుగు రోజుల్లో ఇంటింటికీ వెళుతుందిగా, నాకెందుకు?

ఎమ్మెల్యే ఇంటికి తీసుకెళ్ళాను. ముందు గదిలో తెల్లబూట్ల మనిషి ఒకడు కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ బూట్లకు ఒక్క మరక లేదు, నేల మీద నడిచే మనిషిలా లేడు. ఊళ్ళో పెద్ద పెద్ద భవనాలు కట్టించేది ఆయనేనని తరవాత తెలిసింది. కాలువ గట్టు పొడుగునా కట్టాలని ఆయనకు ఎప్పటినుంచో ఆశ. ఎమ్మెల్యే ప్రూఫు అందుకుని, "అక్కా, కాసేపు బయట కూర్చో," అన్నాడు. ఆయన నన్ను బయట కూర్చోమనడం అదే మొదటిసారి. కాసేపటికి సెక్రటరీ వచ్చి ప్రూఫు నా చేతిలో పెట్టాడు. సన్నటి మనిషి, ముక్కు మీద ఎప్పుడూ జారే కళ్ళజోడు. కాగితం నిండా పెన్సిల్ గీతలు. ఒక బాణం గుర్తు పైనుంచి కిందికి పోయింది. నేను దాన్ని అలాగే ప్రెస్సులో ఇచ్చేశాను.

మూడో రోజు అచ్చు కట్టలు వచ్చాయి. బల్ల మీద పరిచాను. మధ్యలో అసెంబ్లీలో మాట్లాడుతున్న ఎమ్మెల్యే ఫొటో, అరచేయంత. నల్ల గడి కనబడలేదు. వెతికాను. కిందికి దిగిపోయింది. గీతలు సన్నమయ్యాయి, అక్షరాలు ఆవగింజలయ్యాయి. సరిగ్గా జిగురు పట్టీలో పడుకుని ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఆవిడ, "ఏమైంది, బద్ద విరిగిందా?" అంది. నేను లేచి సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఈ గడి జిగురులోకి వచ్చింది."

"అయితే?"

"జిగురు రాస్తే ఎవరికీ కనబడదుగా."

"రాయకపోతే మడత నిలవదుగా," అన్నాడు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "చదవడం రాని నీకెందుకమ్మా ఏ అక్షరం ఎక్కడుంటే? వెళ్ళి పని చూసుకో."

నేను కదల్లేదు. మొండిదాన్నే అప్పట్లో. ఆ గొడవకు ఎమ్మెల్యే లోపలినుంచి వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని మా గదిలోకి వచ్చి, మా బల్ల దగ్గరే ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"ఏంటక్కా, బండి ఆగింది? ముందుకు జరగండి, ముందుకు జరగండి," అన్నాడు బస్సులో అరిచినట్టు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"తమ్ముడుగారూ, గట్టువాళ్ళ కబురు జిగురు కిందికి పోతోంది."

ఆయన కాగితం తీసి చూశాడు. చూసినట్టు చూశాడు. "అరెరె, ఫొటో పెద్దది చేసేసరికి కిందికి జరిగింది. అచ్చైపోయింది కదక్కా, ఇప్పుడేం చేస్తాం? వచ్చే నెల మొదటి పేజీలో, తలకాయంత అక్షరాలతో వేయిస్తాను. నా మాట మీద నమ్మకం లేదా?" అని నా చేతిలోంచి బద్ద తీసుకుని మూడు కాగితాలు తనే మడిచాడు. వంకరగా మడిచాడు. ఆ వంకర మడతలు చూసి మా వాళ్ళు మళ్ళీ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది, ఏం చెయ్యను? మీ తాత మందుల సీసాలు కళ్ళముందు కదిలాయి. జిగురు గిన్నె దగ్గరికి లాక్కున్నాను.

నాలుగు వేల కాగితాలు. రెండు రోజులు. నావంతు వెయ్యి పైచిలుకు. ప్రతిదాని మీదా ఆ గడి, దాని మీద నా రెండు వేళ్ళు.

కానీ ఒకటి చేశాను. జిగురు రాయని కాగితం ఒకటి నాలుగుగా మడిచి కొంగులో దోపుకున్నాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. ఆ సాయంత్రమే గట్టుకు వెళ్ళాను. ఆడపడుచు ఏడో తరగతి దాకా చదివింది, చక్కగా చదవగలదు. మిషను మీద వంగి ఆ ఆవగింజలు చదివి తలెత్తింది.

"నెలాఖరులోగానట వదినా. ఇంకా ఇరవై రోజులే."

"అయితే రేపే వెళ్ళు."

"వెళతాను. ఉండు, ఇస్త్రీ తమ్ముణ్ణి కేకేస్తాను..."

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎవరికీ చెప్పకు. జిగురు రాయని కాగితం బయటికొచ్చిందని తెలిస్తే నా పని పోతుంది. మీ అన్న మంచం మీద ఉన్నాడు, గుర్తు పెట్టుకో."

"మరి వాళ్ళకెలా తెలుస్తుంది?"

"వచ్చే నెల మొదటి పేజీలో వేస్తానన్నాడు."

ఆమె నావైపు వింతగా చూసింది. "నెలాఖరుకు గడువైపోతుంటే వచ్చే నెల వేసేదేంటి వదినా, మా తలకొరివా?"

ఆ మాట నాకు తట్టలేదు సుమా. ఆమె అనేదాకా తట్టలేదు. తట్టాక కూడా నేనేమన్నానో విను. "ఆయన అంత తెలివితక్కువవాడా? గడువు పెంచుతారులే. ముందు నీ ఇల్లు చూసుకో." అలా అన్నాను. అని ఊరుకోలేదు. మా ఆయన మీద, అంటే వాళ్ళన్న మీద, ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేసేటప్పుడు ఆమె గోడవైపు చూసింది. గోడకు అవతల ఇస్త్రీ పెట్టె బట్ట మీద జరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆడపడుచు దరఖాస్తు పెట్టింది. ఇస్త్రీ ఆయన రోజూ అడిగేవాడట, "అక్కా, కాగితం వచ్చింది గానీ అందులో మన సంగతి లేదేంటి? మీ వదినని అడగరాదూ?" అని. "వచ్చే నెల వస్తుందట," అనేదట ఆడపడుచు. ఆ మాట అన్న రోజుల్లో అన్నం సహించేది కాదట. ఎమ్మెల్యే ఫొటో బాగుందని ఇస్త్రీ ఆయన కాగితాన్ని తన బల్ల ముందు గోడకు అంటించుకున్నాడు. చుట్టూ చాలామంది అలాగే అంటించుకున్నారు.

నేను రెండుసార్లు సెక్రటరీని అడిగాను గడువు సంగతి. "సార్ చూసుకుంటున్నారు," అన్నాడు. మూడోసారి అడగలేదు. తరవాతి నెల కబురు కాగితం అసలు రాలేదు. ప్రెస్సులో మరమ్మతట.

ఆ పై నెల ఇళ్ళు ఖాళీ చెయ్యమని నోటీసులు వచ్చాయి. రెండు వందల పన్నెండింటిలో ఐదు ఇళ్ళు మిగిలాయి. నాలుగు గట్టు మొదట్లో ఉన్న సర్కారు ఉద్యోగులవి, వాళ్ళకు వాళ్ళ దారులున్నాయి. ఐదోది మా ఆడపడుచుది.

గట్టంతా ఎమ్మెల్యే ఆఫీసు ముందుకు వచ్చింది. మేము వెనక గది కిటికీలోంచి చూస్తున్నాం. బడిపంతులు ఒకాయన వాళ్ళలో ఉన్నాడు. ఆయన ఇంట్లో చింపకుండా మిగిలిన కబురు కాగితం ఒకటుందట, ఊరికి వెళ్ళి రావడంతో విప్పనేలేదట. నోటీసు వచ్చాక బేసిన్లో నీళ్ళు పోసి నానబెట్టి జాగ్రత్తగా విప్పితే గడి బయటపడింది. ఆ తడి కాగితాన్ని పళ్ళెంలో పెట్టుకుని తెచ్చాడు, పసిబిడ్డను తెచ్చినట్టు.

"ఇది జిగురు కింద ఎందుకుంది?" అని అడిగాడు.

సెక్రటరీ లోపలికి వెళ్ళి జిగురు లేని ఆఫీసు కాపీ తెచ్చి, గడి మొత్తం గట్టిగా చదివాడు. తేదీతో సహా. "వెయ్యలేదని ఎవరన్నారు? సార్ మీకు కబురు చెప్పారు. చట్టప్రకారం చెప్పారు. మడిచే ఆడవాళ్ళు జిగురు పైదాకా పులిమితే సార్ ఏం చేస్తారు?"

అందరి తలలూ మా కిటికీవైపు తిరిగాయి.

అప్పుడు ఎమ్మెల్యే మెట్లు దిగాడు. రెండు చేతులూ జోడించాడు. "వాళ్ళనేమీ అనకండి. చదువు లేనివాళ్ళు, పాపం, వాళ్ళకేం తెలుసు? తప్పు వాళ్ళది కాదు. నాది. నేను దగ్గరుండి చూసుకోవాల్సింది," అన్నాడు. జనంలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తప్పు నాదని చెప్పే నాయకుణ్ణి వాళ్ళు ఎన్నడు చూశారు గనక?

నేను నోరు విప్పొచ్చు. ఆ ముక్కాలిపీట మీద కూర్చుని ఆయన ఏమన్నాడో అక్కడే చెప్పొచ్చు. నాతో ఉన్న ముగ్గురూ సాక్షులు. నేను ఒక అడుగు ముందుకు వేశాను కూడా. ఈలోగా ఇస్త్రీ ఆయన గొంతు వినిపించింది.

"మరి మా పక్కింటి అక్కకెలా తెలిసింది?"

అరిచి అడగలేదు. అర్థంకాక అడిగినట్టు అడిగాడు. నా అడుగు అక్కడే ఆగిపోయింది. నేను నిజం చెబితే సగం చెప్పడానికి వీల్లేదు. నీకు తెలిసి జిగురు రాశావా, తెలిసి మీ మనిషికొక్కదానికే చెప్పావా అంటే ఏం చెప్పను?

ఆడపడుచు జనం మధ్యలో ఉంది. కిటికీవైపు చూసింది. నా కళ్ళల్లోకి చూసింది. ఎంతసేపు చూసిందంటే, నేను చెప్పడానికి ఎంత వ్యవధి కావాలో అంతసేపూ చూసింది. నేను చెప్పలేదు.

"నేను కాగితాన్ని ఆవిరి మీద పట్టి విప్పాను," అంది. "నా అలవాటు."

"విప్పి చదివి, మాకు చెప్పలేదా అక్కా?"

ఆమె నోటికి అడ్డంగా నేను వేయించుకున్న ఒట్టు ఉంది.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు కొంచెం కొంచెంగా పక్కకు జరిగారు. అంతమంది జనంలో ఆమె చుట్టూ మంచం పట్టేంత ఖాళీ ఏర్పడింది.

నెల తిరక్కుండా గట్టు చదునైంది. ఇస్త్రీ ఆయన పెళ్ళాం బిడ్డలతో సామానంతా ఒక్క బండిలో సర్దుకుని వెళ్ళాడు. వెళుతూ ఆడపడుచుకి కుట్టడానికి ఇచ్చిన బట్ట వెనక్కి అడిగి తీసుకున్నాడట. ఆమె కుట్టేశాను తమ్ముడూ, వేసి చూపించు అంటే, వద్దు అక్కా అని మడిచి చంకలో పెట్టుకుని పోయాడట.

ప్రెస్సు మరమ్మతు అయిపోయింది. కబురు కాగితం మళ్ళీ వచ్చింది. మొదటి పేజీలో ఏముందో చెప్పనా? మా ఆడపడుచు ఫొటో. ఎమ్మెల్యే ఆమె చేతిలో ఇంటి కాగితం పెడుతున్నాడు. విధవ, కుట్టుమిషను, పేదిల్లు, ఫొటోకు బాగుంటుందని ఆ నలుగురు ఉద్యోగులను వదిలి ఆమెనే పిలిపించారు. రానంటే కాగితం ఆగిపోతుందన్నారట. కింద తలకాయంత అక్షరాలు. అవి నేను కూడబలుక్కుని చదవగలిగాను. 'మాట నిలబెట్టుకున్నాం.' ఆమె తల వంచుకుని ఉంది. సిగ్గుపడుతోందని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు.

నాలుగు వేలు మడిచాం. మడత సరిగ్గా ఆమె మెడ మీదుగా వచ్చేది. బద్దతో రుద్దాలి కదా, రుద్దాను. ఆ నెల జిగురు పట్టీ తెల్లగా, శుభ్రంగా ఉంది.

అక్కడితో మానేశానని చెబితే నీకు బాగుంటుంది. మానలేదు. ఇంకా నాలుగేళ్ళు చేశాను. ఆయన మళ్ళీ గెలిచాడు. నన్ను చూస్తే అక్కా అనే పిలిచేవాడు, అదే నవ్వు. ఒకరోజు మాత్రం మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "తమ్ముడుగారూ, గట్టువాళ్ళ మీద మీకు కోపమేంటి?"

"కోపమా? నాకెవరి మీదా కోపం లేదక్కా," అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వాళ్ళు అడిగి ఉంటే చెప్పేవాణ్ణిగా."

అప్పటినుంచి నేను ఆయన్ని సార్ అన్నాను. ఆయన వద్దనలేదు. గమనించాడో లేదో కూడా తెలీదు.

ఆడపడుచు ఆ ఇంట్లోనే ఉంది. చుట్టూ తెల్లబూట్లాయన గోడలు లేచాయి. ఆమె గుమ్మానికి పోవాలంటే రెండు గోడల మధ్య ఒక మనిషి పట్టే సందు. బడిపిల్లలు దూరం పోయారు, మిషను చప్పుడు ఆగిపోయింది. నేను వారం వారం వెళ్ళేదాన్ని. తలుపు తీసేది. కుర్చీ దుమ్ము దులిపి వేసేది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందించేది.

"తీసుకోండి," అనేది.

నన్ను నువ్వు అని, నీ జుట్టు పట్టుకుంటానని, ఏమ్మా మడతలమ్మా అని పిలిచిన మనిషి. అండీ అంది. పదకొండేళ్ళు అండీ అంది. వాళ్ళన్న పోయిన రోజు కూడా నా పక్కన కూర్చుని, "మీరు కాస్త నీళ్ళు తాగండి," అంది. నాకు ఏడుపు ఆయన కోసం వచ్చిందో, ఆ మాటకు వచ్చిందో చెప్పలేను.

ఒక్కసారి మాత్రం నేనుండబట్టలేక అడిగాను. "నీ ఇల్లు నిలబెట్టాననేగా నీ కోపం?"

ఆమె ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "ఆ రోజు మీరు కిటికీ వదిలి బయటికి వస్తారనుకున్నానండీ," అంది. అంతే. లేచి గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్ళింది. పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె పోయాక ఆ ఇల్లు కూడా గోడల్లో కలిసిపోయింది.

ఇప్పుడు ఆ గట్టు మీద నుంచి బస్సులో పోతే అద్దాల భవనాలు కనిపిస్తాయి. అక్కడ ఎవరుండేవారో అడిగే మనిషి లేడు. ఇస్త్రీ ఆయన పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలియదు. వాళ్ళ నాన్న నోటినుంచి వాళ్ళు విన్న కథలో మా ఆడపడుచే దొంగ. అది నేను వెళ్ళి సరిదిద్దలేను.

నువ్వు గుర్తుపెట్టుకో. నీకు జ్ఞాపకశక్తి ఉంది, నా పోలికే. నీ పిల్లలకు చెప్పు, నీతో పనిచేసేవాళ్ళకు చెప్పు, ఎవరు వింటే వాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు ఎమ్మెల్యేనొక్కణ్ణే తిట్టి చేతులు దులుపుకోకు. అలా చెబితే వినడానికి బాగుంటుంది గానీ అది సగమే. ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదని ముందు చెప్పు. కబురు తెలిసి మూసింది మా నాయనమ్మ అని చెప్పు. అడిగినప్పుడు నోరు మూసుకుందని కూడా చెప్పు. నేను బతికుండగా చెప్పినా నాకు నామోషీ లేదు. నా ఎదురుగానే చెప్పు, వింటాను.